పిల్లను పన్నులో ఎవరు చూపించుకోవాలో ఒప్పందంలోనే తేల్చండి

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు దంపతులు విడిపోవాలని నిర్ణయించుకున్నప్పుడు ఇరువైపుల పెద్దలూ, చాలాసార్లు ఫోనులోనే, కూర్చుని ఎన్నో సంగతులు తేలుస్తారు. బంగారం ఎవరికి చేరాలి, ఇక్కడి ఇంటి అప్పు ఎవరు కట్టాలి, అక్కడి ప్లాటు ఎవరి పేరున ఉండాలి, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి, రెండోవారు ఎప్పుడెప్పుడు వచ్చి చూడవచ్చు అన్నవన్నీ కాగితం మీదకు వస్తాయి. ఆ బిడ్డను తనపై ఆధారపడినదిగా ఆదాయపు పన్ను రిటర్నులో చూపించుకుని పన్ను తగ్గించుకునేది ఎవరన్న ప్రశ్న మాత్రం చాలా ఒప్పందాలలో అసలు కనిపించదు, కనిపించినా "ఒక ఏడాది తండ్రి, ఒక ఏడాది తల్లి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలకు రిటర్నులు తయారుచేసే పనిలో ఉన్నవాడిని. జనవరి చివర మొదలై ఏప్రిల్ 15తో ముగిసే ఈ సీజనులో నా దగ్గరకు వచ్చే తగాదాలలో అతి చేదైనవి ఆ ఒక్క ముక్క నుంచి పుట్టినవే. ఇక్కడి దంపతులూ, వారి తరఫున మాట్లాడే అక్కడి తల్లిదండ్రులూ ఇద్దరూ చదివే పత్రిక గనుక మీకు రాస్తున్నాను.

ముందుగా పెద్దలు గ్రహించవలసినది, ఈ విషయంలో ఐ.ఆర్.ఎస్. (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) చూసేది మన ఒప్పందాన్ని కాదు, కోర్టు ఉత్తర్వును కూడా కాదు. ఆ సంవత్సరంలో బిడ్డ ఎన్ని రాత్రులు ఎవరి ఇంట నిద్రపోయిందన్నదే దాని లెక్క. ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర గడిస్తే బిడ్డను చూపించుకునే హక్కు సహజంగా వారిదే. ఫీజులు ఎవరు కట్టారు, నెలనెలా పిల్ల ఖర్చుకు ఎవరు ఎంత పంపారు అన్నవి ఈ లెక్కలోకి రావు. "నెలకు రెండు వేల డాలర్లు పంపుతున్నది నేను, పిల్లను చూపించుకునేది ఆవిడా?" అని అడిగే తండ్రుల బాధ నాకు అర్థమవుతుంది గానీ, చట్టం ఆ ప్రశ్నకు చెవి ఒగ్గదు. పిల్ల పోషణకు పంపిన డబ్బు పంపినవారికి మినహాయింపూ కాదు, అందుకున్నవారికి ఆదాయమూ కాదు.

రాత్రుల లెక్కలో కొన్ని మెలికలున్నాయి. స్నేహితురాలి ఇంట్లోనో వేసవి క్యాంపులోనో గడిచిన రాత్రి, ఆ రోజు మామూలుగా ఎవరి దగ్గర ఉండవలసి ఉందో వారి ఖాతాలోకి వెళుతుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ బిడ్డ పగలంతా తల్లి దగ్గరే ఉండి, కేవలం ఆ డ్యూటీ కారణంగా రాత్రులు తండ్రి ఇంట పడుకుంటే, అప్పుడు రాత్రులకు బదులు పగళ్లను లెక్కిస్తారు. 2024 వంటి లీపు సంవత్సరంలో చెరి 183 రాత్రులు వచ్చి సమానమైతే, ఎవరి ఆదాయం ఎక్కువో వారి ఇంటినే బిడ్డ ఉన్న ఇల్లుగా పరిగణిస్తారు. టెక్సాస్ కోర్టులు సాధారణంగా ఇచ్చే ఏర్పాటులో, అంటే నెలలో మొదటి, మూడో, ఐదో వారాంతాలూ వేసవిలో కొన్నాళ్లూ రెండోవారి దగ్గర గడిపే పద్ధతిలో, ఈ లెక్క గురించి వాదించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. వారం ఇక్కడ, వారం అక్కడ అని సమంగా పంచుకున్న ఇళ్లలోనే చిక్కు. అటువంటివారు పిల్ల ఎక్కడ పడుకున్నదో ఫోను క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం పిసినారితనం కాదు, జాగ్రత్త.

ఎక్కువ రాత్రులు తన దగ్గర ఉన్న బిడ్డను రెండోవారికి వదిలిపెట్టాలంటే దానికి ఒకే దారి ఉంది, ఫారం 8332. బిడ్డ ఉన్న ఇంటివారు ఆ ఫారం మీద సంతకం చేసి ఇవ్వాలి, అవతలివారు దాన్ని తమ రిటర్నుకు జతచేయాలి. ఒకప్పుడు విడాకుల డిక్రీలోని సంబంధిత పేజీలు జతచేసినా చెల్లేవి. 2008 తరువాత అమలులోకి వచ్చిన డిక్రీలకు ఆ వెసులుబాటు లేదు. నేను చూసిన ఒక కేసులో సరిసంఖ్య సంవత్సరాలలో బిడ్డను తండ్రి చూపించుకోవాలని జడ్జిగారు స్పష్టంగానే ఉత్తర్వు ఇచ్చారు, కానీ సంతకం చేసిన ఫారం ఇవ్వాలని ఎవరూ రాయించలేదు. ఆ ఏడాది తల్లి ముందే రిటర్ను వేసేసింది. తండ్రి డిక్రీని పట్టుకుని ఎంత పోరాడినా ఐ.ఆర్.ఎస్. ఆయన అడిగిన క్రెడిటును (కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తాన్ని) ఒప్పుకోలేదు. ఉత్తర్వును ధిక్కరించారని ఆమె మీద మళ్లీ కుటుంబ కోర్టుకు వెళ్లడమే ఆయనకు మిగిలిన దారి. దానికయ్యే లాయరు ఫీజు ముందు, రావలసిన క్రెడిటు చిన్నబోతుంది.

ఇక్కడ ఇంకొక అపోహ ఉంది. ఫారం మీద సంతకం పడితే పన్ను లాభాలన్నీ అవతలివారికి వెళ్లిపోతాయని ఇద్దరూ అనుకుంటారు. ఒకరు అందుకే భయపడతారు, ఇంకొకరు అందుకే పట్టుబడతారు. ఆ ఫారంతో ప్రధానంగా బదిలీ అయ్యేవి చైల్డ్ టాక్స్ క్రెడిట్, పదిహేడేళ్లు నిండినవారికి వర్తించే 500 డాలర్ల క్రెడిట్, కాలేజీ చదువుకు సంబంధించిన క్రెడిట్ మాత్రమే. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా (బిడ్డతో ఇల్లు నడిపే ఒంటరి వ్యక్తికి దక్కేది), తక్కువ ఆదాయంవారికి దొరికే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, డే కేర్ ఖర్చు మీద వచ్చే క్రెడిట్ ఇవేవీ కదలవు. ఫారం మీద ఎన్నిసార్లు సంతకం చేసినా బిడ్డ ఉన్న ఇంట్లోనే ఉంటాయి. 2025 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 డాలర్లయితే, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు 23,625 డాలర్లు, పైగా పన్ను శ్లాబులు కూడా మెరుగు. ఇల్లు నడిపే ఖర్చులో సగానికి పైగా తానే భరిస్తున్న తల్లి, క్రెడిటును వదులుకున్నా ఈ హోదాను వదులుకోవలసిన పని లేదు. ఇది తెలియక "అన్నీ ఆయనకే పోతాయి" అని సంతకం పెట్టని తల్లులనూ, ఫారం చేతికి రాగానే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని కూడా టిక్కు పెట్టి తరువాత నోటీసు అందుకున్న తండ్రులనూ చూశాను.

అసలు ఎవరికిస్తే లాభమన్న లెక్క వేయకుండానే ఏడాదికొకరన్న నిర్ణయానికి రావడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే విషయం. చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2024 వరకు బిడ్డకు 2,000 డాలర్లు, 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టంతో ఆ సంవత్సరం నుంచే 2,200 డాలర్లు. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసినంతకాలం నాలుగు లక్షల డాలర్ల ఆదాయం వరకు దీనికి కోత లేదు. విడిపోయాక ఆ హద్దు ఒక్కసారిగా రెండు లక్షలకు దిగుతుంది. ఆపైన ప్రతి వెయ్యి డాలర్లకూ క్రెడిటులో 50 డాలర్లు తరుగుతూ, ఒక్క బిడ్డే ఉన్నవారికి ఆదాయం 2,44,000కు చేరేసరికి క్రెడిట్ పూర్తిగా ఆవిరైపోతుంది. షేర్లు కూడా జీతంలో కలిసే పెద్ద కంపెనీలో సీనియరు ఇంజనీరుగా ఉన్న మనవాడికి ఆ ఆదాయం అరుదేమీ కాదు. అంటే రెండున్నర లక్షలు సంపాదించే తండ్రికి, డెబ్బై వేలు సంపాదించే తల్లి పంతం పట్టించుకోకుండా పెద్దలు ఇప్పించిన ఆ "ఏడాది విడిచి ఏడాది" వంతు ఆయన చేతిలో సున్నా. తల్లి దగ్గరే ఉంటే అదే 2,200 డాలర్లు నిక్షేపంగా వచ్చేవి. ఇద్దరిలో ఎవరికీ చెందకుండా ఆ డబ్బు ప్రభుత్వానికే మిగిలింది.

దీని వెనుక ఉన్నది పన్ను కాదని నాకు తెలుసు. బిడ్డ పేరు తన రిటర్నులో ఉంటే బిడ్డ మీద తన హక్కు నిలిచినట్టు, లేకపోతే తెగిపోయినట్టు చాలామంది భావిస్తారు. ఒక తాతగారు నాతో ఫోనులో, మా వంశం పేరు వాళ్ల ఖాతాలో ఎలా రాయిస్తారని అడిగారు. పన్ను రిటర్ను వంశవృక్షం కాదు. అందులో పేరు ఉన్నంత మాత్రాన కస్టడీ కేసులో ఒక్క గంట అదనంగా బిడ్డ దగ్గర గడిపే హక్కు రాదు, లేనంత మాత్రాన ఒక్క గంటా పోదు. హక్కుల సంగతి కస్టడీ ఉత్తర్వు చూసుకుంటుంది. ఇక్కడ తేల్చవలసినది, రెండు ఇళ్లకూ కలిపి ఎక్కువ డబ్బు ఎలా మిగులుతుంది, మిగిలిన దానిని ఎలా పంచుకోవాలి అన్నదే. క్రెడిట్ తల్లికే ఉంచి, దానికి బదులుగా నెలనెలా పంపే మొత్తాన్ని తగిన మేరకు సవరించుకున్న ఒక జంట నాకు తెలుసు. పోట్లాడుకుని విడిపోయినవాళ్లే, అయినా లెక్క అర్థమైన తరువాత ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక మాట మీద నిలిచారు.

వీసాల మీద ఉన్న మన కుటుంబాలకు మరో అంశం తోడైంది. ఈ క్రెడిట్ కోసం బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. అందుచేత ఒకే ఇంట్లో హైదరాబాదులో పుట్టి హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చిన పెద్దబిడ్డకు, ఐటిన్ నంబరు (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి పన్ను కోసం ఇచ్చేది) మాత్రమే ఉన్నందున, 500 డాలర్ల క్రెడిట్‌తో సరిపెట్టుకోవాలి, ఇక్కడ పుట్టిన చిన్నబిడ్డకు 2,200 వస్తుంది. 2025 నుంచి క్రెడిట్ అడిగే తల్లికో తండ్రికో కూడా ఉద్యోగానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలని కొత్త చట్టం అంటోంది. పని అనుమతి లేని హెచ్-4 తల్లి దగ్గర బిడ్డ ఉంటే, ఆమెకు ఆ క్రెడిట్ రాదు. తండ్రికి నంబరు ఉన్నా, ఫారం మీద సంతకం లేనిదే ఆయనా తీసుకోలేడు. ఇటువంటి చోట ఎవరో ఒకరు పంతానికి పోతే పోయేది ఇద్దరిదీ.

విడిపోవడం సంవత్సరం మధ్యలో జరిగితే ఎప్పుడు ఇల్లు మారారన్నది కూడా చూడాలి. విడాకుల డిక్రీ గానీ, విడిగా ఉండేందుకు రాసుకున్న ఒప్పందం గానీ ఇంకా లేనప్పుడు, సంవత్సరంలోని చివరి ఆరు నెలలు పూర్తిగా వేరువేరుగా ఉన్నవారికే ఈ ఫారం ఏర్పాటు వర్తిస్తుంది. అవేవీ లేకుండా సెప్టెంబరులో వేరుపడినవారికి ఆ ఏడాదికి అది పనికిరాదు. అటువంటివారు చట్టప్రకారం ఇంకా భార్యాభర్తలే గనుక, మాటలు సాగే స్థితిలో ఉంటే చివరిసారిగా కలిసి రిటర్ను వేసుకోవడమే చాలావరకు లాభసాటి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చదువుతున్న పెద్దలకూ, అక్కడి కుటుంబ న్యాయస్థానాలలో వాదించే న్యాయవాదులకూ ఒక మనవి. ఇక్కడ కాపురం చేసి, హిందూ వివాహ చట్టంలోని 13-బి కింద విజయవాడలోనో హైదరాబాదులోనో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటున్న జంటలు ఎక్కువగానే కనిపిస్తున్నాయి. ఆ ఒప్పంద పత్రాలలో భరణం, స్త్రీధనం, బిడ్డ సంరక్షణ అన్నీ ఉంటాయి, ఈ ఫారం మాట ఉండదు. న్యాయవాదుల్ని తప్పుపట్టలేము. మన ఆదాయపు పన్నులో బిడ్డకు ఇంత అని నేరుగా తగ్గించే ఇటువంటి క్రెడిట్ లేదు. పిల్లల పేరున ఉన్న డిపాజిట్ల వడ్డీ వంటిది ఎవరి ఆదాయంలో కలపాలన్న ప్రశ్నే మనకు తెలిసినది. 1961 నాటి చట్టం 64వ సెక్షన్ దానికి, వివాహబంధం లేనప్పుడు బిడ్డను పోషిస్తున్నవారి ఆదాయంలో కలపాలని ఒక్క వాక్యంలో జవాబు చెప్పేసింది. అక్కడ ఎవరూ బిడ్డను తమ రిటర్నులో చూపించుకోవడానికి ఎగబడరు, ఎందుకంటే చూపిస్తే పన్ను పెరుగుతుంది. అమెరికాలో వ్యవహారం దానికి తలకిందులు.

ఇటువంటి జంటలలో తరచూ జరిగేది ఇది. ఇక్కడ పుట్టిన బిడ్డను తీసుకుని తల్లి గుంటూరులోని పుట్టింటికి వెళ్లిపోతుంది. తండ్రి ఇక్కడే ఉండి డబ్బు పంపుతూ, బిడ్డ అమెరికా పౌరురాలు గనుక అలవాటు ప్రకారం తన రిటర్నులో చూపించుకుంటూ ఉంటాడు. పౌరసత్వం ఒక్కటే చాలదు. బిడ్డ ఏడాదిలో సగానికి పైగా తన ఇంట్లో లేనప్పుడు, తల్లి సంతకం చేసిన ఫారం లేకుండా ఆ 2,200 డాలర్ల క్రెడిట్ అడగడం నిబంధనలకు విరుద్ధం. తల్లికి ఇక్కడ ఆదాయం లేకపోయినా, ఆమె ఇక్కడ రిటర్నే వేయకపోయినా, ఆ సంతకం కావలసిందే. అక్కడ రాసే పత్రంలో ఈ ఫారం గురించి రెండు వాక్యాలు చేరిస్తే ఇరువురికీ మేలు. ఆమెకు అది ఖర్చులేని సంతకం, ఆయనకు చట్టబద్ధమైన క్రెడిట్, దాంట్లో కొంత భాగం బిడ్డ చదువుకు పంపాలని రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇద్దరూ ఒకే బిడ్డను చూపించుకుంటే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. ముందు వేసినవారి రిటర్ను ఆన్‌లైనులో చేరిపోతుంది, రెండోది వెనక్కి తిరిగి వస్తుంది. ఆ రెండోవారు ఐ.ఆర్.ఎస్. ఇచ్చే ఐపీ పిన్ (గుర్తింపు కోసం ఇచ్చే రహస్య సంఖ్య) జతచేసి ఆన్‌లైనులోనే, లేదా కాగితం మీద, తమ రిటర్నును పంపుకోవచ్చు. ఆ తరువాత ఇద్దరికీ సీపీ87ఏ అనే నోటీసు వస్తుంది. పొరపాటు చేసినవారు సవరించుకోవాలన్నది దాని సారాంశం. ఇద్దరూ కదలకపోతే ఆడిట్ వస్తుంది, అప్పుడు బిడ్డ చిరునామా ఉన్న బడి రికార్డులు, డాక్టరు దగ్గర ఉన్న వివరాలు, డే కేర్ వారి ఉత్తరం చూపించాలి. ముందు వేసేసినవారిదే గెలుపు అన్న ప్రచారం ఎంత మాత్రమూ నిజం కాదు. నిబంధనలను లెక్కచేయకుండా క్రెడిట్ అడిగారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిటుకు అనర్హులవుతారు.

ఒప్పందం రాసుకునేవారు ఏ సంవత్సరానికి ఎవరు చూపించుకుంటారో సంవత్సరం అంకెతో సహా రాయించాలి. ఫారం మీద సంతకం ఏ తేదీలోగా ఇవ్వాలో, ఉదాహరణకు జనవరి 31 అని, చెప్పాలి. ఎవరి ఆదాయమైనా క్రెడిట్ అందని స్థాయికి చేరితే ఆ ఏడాది వంతు రెండోవారికి వెళుతుందని కూడా చేర్చాలి. ఫారంలో ఒక్క సంవత్సరానికే వదిలే భాగం వేరు, రాబోయే సంవత్సరాలన్నిటికీ వదిలే భాగం వేరు. నా సలహా ఎప్పుడూ మొదటిదే. అన్ని సంవత్సరాలకూ ఒకేసారి ఇచ్చేసి, తరువాత పోషణ డబ్బు ఆగిపోయిందని వెనక్కి తీసుకోవాలనుకున్నా, ఆ రద్దు అవతలివారికి తెలియజేసిన సంవత్సరం గడిచాకే అమలులోకి వస్తుంది. "డబ్బు సక్రమంగా పంపితేనే" వంటి షరతు ఫారం మీద పనిచేయదు. ఆ షరతు ఒప్పందంలో ఉండాలి, అది నెరవేరిందని చూసుకుని ఆ ఏటికి ఆ ఏడు సంతకం చేయాలి. బిడ్డ కాలేజీ పూర్తయ్యేదాకా అని రాయించుకున్న వాక్యాలు కూడా చూస్తుంటాను. పద్దెనిమిదేళ్లు నిండి బిడ్డ మేజరయ్యాక కస్టడీ అన్నదే ఉండదు గనుక, ఆ తరువాతి సంవత్సరాలకు ఈ ఫారం ఏర్పాటు వర్తించదు. అప్పుడు మామూలు నియమాలే, ఎవరి ఇంట ఎక్కువకాలం ఉంటే వారే.

ప్రతి ఏటా ఇక్కడి తెలుగు సంఘాలు పన్నుల మీద అవగాహన సభలు పెడుతుంటాయి. హెచ్-1బి మీద వచ్చిన తొలి ఏడాది రిటర్ను గురించి, ఇండియాలోని బ్యాంకు ఖాతాలు చూపించడం గురించి ఎన్నో ప్రశ్నలు వస్తాయి. విడిపోయినవారు అందరి ముందూ నోరు తెరిచి అడగలేరు. నిర్వాహకులే అడగకముందే ఓ పావుగంట దీనికి కేటాయిస్తే బాగుంటుంది.

ఇప్పటికే విడిపోయి, ఒప్పందంలో ఈ మాట లేనివారు మళ్లీ కోర్టుకు వెళ్లవలసిన అవసరం లేదు. ఫారం 8332 మీద సంతకానికి జడ్జి అనుమతి అక్కరలేదు, ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. గడిచిన సంవత్సరాలలో సంతకం లేకుండా బిడ్డను చూపించుకున్నవారు, నోటీసు రాకముందే 1040-ఎక్స్ ద్వారా తమ రిటర్ను సవరించుకోవచ్చు. బిడ్డ తన ఇంట్లోనే ఉన్నా అవతలివారు అడిగేశారని ఊరుకున్న తల్లులూ తండ్రులూ అదే ఫారంతో తమ క్రెడిటును ఇప్పుడైనా కోరవచ్చు. రిటర్ను వేసిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది.

ఇట్లు,
ఒక పన్ను సలహాదారు,
ఫ్రిస్కో, టెక్సాస్.